గళ్ళ నుడికట్టు యాప్ ఏడాది వాడినాక: పజిల్‌కి నాలుగు స్టార్లు, వివరణకి ఒకటే

ముందే చెప్పేస్తున్నా, యాప్ పేరు రాయను. రాసేదాంట్లో సగానికి పైగా తిట్లే, పేరు పెట్టి తిట్టడం నాకిష్టం లేదు, మిగతాది పొగడ్త, పేరు పెట్టి పొగిడితే డబ్బులు తీసుకుని రాసిందంటారు. తెలుగు గళ్ళ పజిల్, అదే క్రాస్‌వర్డ్, యాప్ ఏది కొన్నా చూసుకోవాల్సినవి దాదాపు ఇవే కాబట్టి పేరు లేకపోయినా పనికొస్తుంది అనుకుంటున్నా. రోజుకొక పజిల్, మామూలు రోజుల్లో 9 గళ్ళకి 9 గళ్ళు, ఆదివారం పెద్దది, 13కి 13. పక్కరోజు పొద్దున ఆరుకి జవాబులు, వాటి పక్కన "వివరణ" అని ఒక ట్యాబ్. ఏడాదికి 499 రూపాయలు. ఆ వివరణ ట్యాబ్ చూసే నేను డబ్బులు కట్టింది, గొడవంతా దాని దగ్గరే.

కొనింది నాకోసం కాదు, మా నాయన కోసం. నాయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయినాడు, ఎక్కువ కాలం తిరుపతి చిత్తూరు రూటే. బస్టాండులో బస్సు నిండేలోపు పేపర్ కొనేది, చంద్రగిరి దాటేలోపు టికెట్లన్నీ కొట్టేసి చెవి మీద పెన్సిల్ తీసి పజిల్ పట్టుకునేది, పూతలపట్టు వచ్చేసరికి అయిపోవాల, అదీ ఆయన లెక్క. కాకపోతే చిత్తూరు బస్టాండులో టీ తాగతా డ్రైవరన్నని అడిగేది, ఆ అన్నకి పజిల్ అంటేనే చిరాకు, అయినా సినిమా పేర్లు మాత్రం ఠక్కున చెప్పేవాడంట. పోయినేడు నాయనకి రెండు కళ్ళకీ శుక్లాలు తీసినారు. ఆపరేషన్ బాగానే అయింది గానీ పేపర్లో ఆ చీమ తలకాయంత అంకెలు, ఆ బూడిద రంగు ఇంకు చూస్తే కళ్ళు లాగతాయి అంటాడు. కొర్లగుంటలో మా ఇంటి వరండాలో పొద్దున్నే కూర్చుని పేపర్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, ఆఖరికి మడిచి పక్కన పెట్టేస్తా ఉంటే చూడలేక మా తమ్ముడి పాత ట్యాబ్‌లో ఈ యాప్ వేసిచ్చినా.

కంటికి సుఖంగా ఉండే విషయంలో మాత్రం ఒక్క మాట అనడానికి లేదు. గడి మీద వేలు పెడితే ఆ వరసంతా లేత పసుపు రంగులోకి వస్తాది, క్లూ పైన పెద్ద అక్షరాల్లో కనబడతాది, ఇంకా పెద్దది చేసుకోవచ్చు, రాత్రిపూట నల్ల బ్యాక్‌గ్రౌండ్ పెట్టుకోవచ్చు. నెట్ లేకపోయినా ఆడొచ్చు. నాయన కళ్ళద్దాలు తీసి కూడా చేసినాడు ఒకరోజు, అది చూసి 499 వచ్చేసినట్టే అనుకున్నా.

అయితే మొదటి వారం ఒకటే రచ్చ. తెలుగు పజిల్లో గడికి ఒక అక్షరం అంటే గుణింతం, వత్తు, సున్నా అన్నీ కలిపి ఒకటి. కమలం అంటే మూడు గళ్ళు. స్త్రీ అంటే ఒకటే గడి. రెండో క్లాసు పిల్లోడికి కూడా తెలుసు ఇది, ఫోనుకి తెలీదు. ఫోను లోపల స్త్రీ అనేది ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. యాప్ చేసినోళ్ళు ఇంగ్లీషు పజిల్ కోడ్ ఎక్కడినుంచో తెచ్చి పెట్టుకున్నట్టుంది, ఒక ముక్క పడంగానే పక్క గడికి దూకేది. ఆరోజు క్లూ "తిరుపతి పక్కన పారే బంగారు మొహం (4)", బ్రాకెట్లో అంకె అంటే జవాబుకి ఎన్ని గళ్ళో అది. చదవంగానే స్వర్ణముఖి అనేసినాడు నాయన. చెప్పడానికి ఒక్క సెకను, ఎక్కించడానికి పావుగంట. మొదటి గడిలో స, రెండో గడిలో ఒట్టి పొల్లు గీత, మూడో గడిలో వ, అంతే, నది అక్కడే ఆగిపోయింది. "ఏట్లో నీళ్ళు ఎట్లాగూ రావు, అక్షరాలు కూడా రావా పాపా" అన్నాడు. రెండు నెలలకి అప్‌డేట్ వచ్చి సరిపోయిందిలే, ఇప్పుడు అక్షరం పూర్తయ్యేదాకా ఆగతాది. వేలితో రాసే కీబోర్డు పెట్టిచ్చినాక ఇంకా సుఖం, స్వ అని రాస్తే స్వ నే పడతాది. ఇప్పటికీ తేలనిది పదం చివర్లో వచ్చే పొల్లు సంగతి. నవంబర్ అనేదానికి ఒకరోజు నాలుగు గళ్ళు ఇచ్చినారు, ర్ కి వేరే గడి, అదీ పద్ధతి. ఇంకో వారంలో అదే నవంబర్‌కి మూడే గళ్ళు, బర్ మొత్తం ఒక గడిలో. ఏదో ఒకటి పెట్టుకోండి స్వామీ.

పజిళ్ళు మాత్రం బాగున్నాయి, నాలుగు స్టార్లు ఊరికే ఇవ్వలా. ఎప్పుడూ ఆడనోళ్ళకి రవంత చెప్తా. మామూలు పజిల్లో "తామర (3)" అంటారు, కమలం రాస్తాం, అయిపోయింది. ఇందులో మంచివన్నీ మెలిక క్లూలు. "కలం నడుమ మనసు మొదలు, చెరువులో పూసింది (3)" అంటారు. క్లూకి ఒక కొసన అర్థం ఉంటాది, ఇంకో కొసన అక్షరాల ఆట. చెరువులో పూసింది అనేది అర్థం. కలం మధ్యలో మనసు అనే మాటలో మొదటక్షరం మ పెడితే కమలం, అది ఆట. రెండూ ఒకే జవాబు దగ్గర కలవాల. కలిస్తే ఎవర్నీ అడగనక్కర్లేదు, కరెక్టని నీకే తెలిసిపోతాది. ఇంగ్లీషులో క్రిప్టిక్ అనేది ఇదే, ది హిందూ పేపర్లో రోజూ వస్తాది కదా, మా ఆఫీసులో ఒక సార్ లంచ్ టైంలో క్యారియర్ మూత మీద పేపర్ పెట్టుకుని చేస్తా ఉంటాడు, సాంబార్ మరకలతో సహా.

ఇందులో నాకు నచ్చినవి కొన్ని: "కల, వరం రెండూ దొరికినాక కంగారెందుకు (4)". కలవరం. "అడవిదొంగలు ఎత్తుకుపోయే స్లేటు, అటునుంచి (3)". స్లేటు అంటే పలక, తిప్పితే కలప. శేషాచలం కింద బతికేటోళ్ళకి ఎర్రచందనం గుర్తురాకుండా ఉంటాదా, నాయన అయితే చందనం, మొద్దులు, దుంగలు అని ఎన్ని పదాలో అనుకున్నాడు పలక తట్టేదానికి ముందు. "ఆవు ఇచ్చేది, అన్నదమ్ములు పంచుకునేది (2)", పాలు. ఇంగ మన లిపికి మాత్రమే కుదిరే మెలికలు వేరే ఉన్నాయి, అవే అసలు మజా. "గుడి కొమ్ము విరిగితే నువ్వు నింపేది (2)": గు కి కొమ్ము తీసేస్తే గ, గడి. "గుడి కూలిన కలి, నిద్రలో వచ్చేది (2)": ఇక్కడ గుడి అంటే దేవళం కాదు, అక్షరానికి పెట్టే గుడి, లి కి గుడి తీసేస్తే ల, కల. ఇట్లాంటిది కట్టినోడికి దండం పెట్టాల.

ఇప్పుడు వివరణ సంగతి. పోయిన ధనుర్మాసంలో ఒకరోజు, పన్నెండు అడ్డం: "శేషుడు విప్పింది తిప్పితే కొండకి తొలివాకిలి (3)". డ, ప రెండక్షరాలు నిలువు పదాల నుంచి వచ్చేసినాయి, మొదటి గడికి మాత్రం నిలువు లేదు. నాయన ఆలోచించకుండా కడప అని కొట్టేసినాడు. ఎవరైనా అదే కొడతారు, దేవుని కడపనే కదా తిరుమలకి తొలి గడప అనేది, కొండకి పోయే ముందు అక్కడ దండం పెట్టుకుని పోవాలంటారు. పక్కరోజు పొద్దున చూస్తే తప్పు, గడప అంట. తప్పు లేకుండా వరసగా నింపతా వచ్చిన అరవై ఒక్క రోజుల స్ట్రీక్ పోయింది. సరే ఎందుకో చూద్దామని వివరణ నొక్కితే ఏముంది, "గడప = వాకిలి. సులభం." అంతే. నిజంగా అంతే రాసినారు. ఆ "సులభం" అనే మాట చూసి నాకు కాలింది గానీ నాయన ఏమీ అనలా, కాఫీ గ్లాసు పట్టుకుని గోడ వైపు చూస్తా కూర్చున్నాడు.

కాసేపటికి ఆయనే వాదన మొదలుపెట్టినాడు. "చూడు పాపా, శేషుడంటే స్వామికి పడక కదా, శేషతల్పం. పడక తిప్పితే ఏమొస్తాది? క, డ, ప. కడప. ఊరు కూడా సరిపోయింది, తొలివాకిలీ సరిపోయింది. నాది తప్పెట్లయితాది?" నేను అవాక్కయిపోయినా, నిజమే, అక్షరం అక్షరం సరిపోయింది. యాప్ వాళ్ళదే తప్పని మెయిల్ కొడదామని ఫోన్ తీసినా. అంతలో అమ్మ ఇడ్లీ తెచ్చి పెట్టింది, రెండో ఇడ్లీ మధ్యలో ఆగిపోయినాడు నాయన. "ఉండు ఉండు. విప్పింది అన్నాడు కదా వాడు. పడకని పరుస్తారు, విప్పరు. శేషుడు విప్పేది పడగ. పడగ తిప్పు." ప, డ, గ. గ, డ, ప. గడప. ఓడిపోయినోడి మొహం కాదు అది, చేయి ఖాళీ లేదు గానీ ఉంటే తొడ కొట్టేవాడు. ఒకే క్లూలో పడక పెట్టి, పడగ పెట్టి, రెండూ తిప్పితే రెండు వాకిళ్ళు వచ్చేట్టు చేసి, విప్పింది అనే ఒక్క మాటతో తాళం వేసినాడు కట్టినోడు. పైగా కడప అనే పేరే గడప నుంచి వచ్చిందంటారు, ఇంగ్లీషులో ఎప్పటినుంచో రాస్తా వచ్చిన వంకర స్పెల్లింగ్ 2005లో మార్చుకున్నారే ఆ ఊరే. ఇంత పనితనం చేసినాక దాని కింద "సులభం" అని రాసినోడు ఎవుడో వేరే ఉండాల, కట్టినోడు అట్ల రాయడు.

నేను ఈ మొత్తం కథ మెయిల్ రాసినా, పడక పడగ అన్నీ వివరంగా, మీ క్లూ అద్భుతం, మీ వివరణ దారుణం అని. మూడు రోజులకి జవాబు వచ్చింది: "మీ సూచనకు ధన్యవాదాలు. మీ స్ట్రీక్‌ను కొనసాగించండి." పోయిందే స్ట్రీక్ నాయనా, అదే కదా చెప్పింది.

ఇది ఒక్కరోజు సంగతి అయితే వదిలేసేదాన్ని. నెలలో ఇరవై రోజులు వివరణ అంటే జవాబుకి ఇంకో అర్థం రాసి వదిలేయడమే. ఇంగ్లీషోళ్ళకి చూడండి, క్రిప్టిక్ పజిళ్ళకి రోజూ పొద్దున్నే ఒక్కో క్లూ విడదీసి, ఇదిగో ఇది అర్థం, ఇది ఆట, ఈ మాట తిప్పమని గుర్తు అని రాసే సైట్లే ఉన్నాయి, డబ్బులు కూడా తీసుకోరు. ఏళ్ళ తరబడి చదివి నేర్చుకున్నోళ్ళు ఉన్నారు, మా ఆఫీసు సార్ నేర్చుకుంది అట్లనే. జవాబు చూసి నేర్చుకునేది ఏమీ ఉండదు, దారి చూస్తేనే రేపు ఇంకో క్లూలో ఆ దారి గుర్తొచ్చేది. ఈ యాప్‌లో దారి ఒక్కటే కనబడదు.

మా ఇంట్లో మాత్రం వివరణకి కొరత లేదు, ఎందుకంటే అది నాయన చెప్తాడు. మావోడు తొమ్మిదో తరగతి, ఇంగ్లీషు మీడియం, తెలుగు అంటే మార్కుల కోసం చదివే సబ్జెక్ట్. "పెద్దపులి గంటసేపు కూర్చుంటే ప్రసాదం (4)" అని వచ్చింది ఒకరోజు. వాడు వెంటనే పులిహోర అన్నాడు, పులి అర్థమైంది, ప్రసాదం అర్థమైంది, హోర ఎట్ల వచ్చిందో తెలీదు. వివరణలో "పులిహోర = ప్రసాదం" అని ఉంది, సంతోషం. నాయన పంచాంగం తీసి చూపించినాడు, గురు హోర, శుక్ర హోర అని గంట గంటకీ ఎట్ల మారతాదో. "హోర అంటే గంటరా." వాడు కాసేపు చూసి "అవర్ లాగానే ఉంది కదా తాతా" అన్నాడు. నేను ఏదో నవ్వినా గానీ రాత్రి వెతికితే వాడన్నది నిజమే, రెండూ ఒకే గ్రీకు మాట నుంచి వచ్చినాయి, ఒకటి సంస్కృతం దారిన మనకి, ఒకటి లాటిన్ దారిన ఇంగ్లీషోళ్ళకి. కొండ మీద పులిహోర తింటా గ్రీకు మాట నమలతా ఉన్నాం అన్నమాట.

ఇంకోసారి "ఆసరా, అప్పం సంధి చేసుకుంటే టిఫిన్ (3)". ఊత, అప్పం, ఊతప్పం. బడిలో సంధులు బట్టీ పట్టినప్పుడు తెలీలేదు ఇది ప్లేట్లో ఉంటాదని. మధ్యాహ్నం కథ కూడా అంతే, వాడు మద్యాహ్నం అని కొట్టినాడు, ఎర్రగా వచ్చింది, యాప్ వాళ్ళు మధ్యాహ్నం అని చూపించి ఊరుకున్నారు. నాయన వదల్లా. "మద్యం తాగినోడికి రా మద్యాహ్నం. మధ్య, అహ్నం. అహ్నం అంటే పగలు. పగటికి మధ్య. ధ కి వత్తుండాది చూడు, హ కింద న ఉండాది చూడు." అప్పటినుంచి వాడు తప్పు రాయలా, నేను కూడా, నిజం చెప్పాలంటే నేను కూడా ఇన్నాళ్ళూ న్హ అని పలకతా వచ్చినా.

పజిల్‌కి అయిదు కాకుండా నాలుగు ఎందుకిచ్చినా అంటే రెండు కారణాలు. ఒకటి, "తిరగబడ్డ రోకలి (3)" లాంటివి. జవాబు ఏమిటంటే లికరో. ఏ నిఘంటువులో ఉంది లికరో? పలక తిప్పి కలప చేయడం పనితనం, రోకలి తిప్పి లికరో చేయడం గడి నిండకపోతే ఏదో ఒకటి కుక్కడం. తెలుగు పజిళ్ళలో ఇది పాత జబ్బే, పేపర్లో కూడా ఉంటాయి, తోకతెగిన అరటిపండు, చెల్లాచెదురైన వంకాయ, ఇట్లాంటివి. న్యాయంగా చెప్పాలంటే కట్టేవాళ్ళ బాధ కూడా ఉంది. ఇంగ్లీషులో ఉండేది 26 అక్షరాలు, అడ్డం పదంలో ఇ, నిలువు పదంలో ఇ కలవడం సులభం. మనకి క ఒక్కదానికే క, కా, కి, కీ అని గుణింతం మొత్తం ఉంది, దాని మీద వత్తులు, అడ్డంలో కి ఉంటే నిలువులో కూడా అచ్చం కి నే ఉండాల, కీ ఉన్నా కుదరదు. అందుకే మన పజిళ్ళలో నల్లగళ్ళు ఎక్కువ, పదాలు పొట్టివి. శ్రీశ్రీ పదబంధ ప్రహేళిక కట్టినా, ఆరుద్ర గళ్ళ నుడికట్టు కట్టినా వాళ్ళకీ ఇదే ఇబ్బంది ఉండి ఉంటాది. అర్థం చేసుకుంటాను గానీ వారానికి ఒకటో రెండో అయితే సరే, ఒక ఆదివారం పజిల్లో ఏడు లెక్కపెట్టినా. ఏడు! తొమ్మిదింటికి కూర్చుంటే పదకొండున్నర అయింది, ఆరోజు నాయన ట్యాబ్ నా చేతికిచ్చేసి కోనేటి కట్ట దాకా నడిచొస్తా అని పోయినాడు.

యాప్‌లో "మీకు తెలుసా" అని అప్పుడప్పుడు ఒక కార్డు వస్తాది, అది మాత్రం బాగుంటాది. ఈ ఆట మొదట అచ్చయింది 1913 డిసెంబర్ 21న, న్యూయార్క్ వరల్డ్ అనే పేపర్లో, ఆర్థర్ విన్ అనే ఆయన వజ్రం ఆకారంలో కట్టినాడు, పేరు వర్డ్-క్రాస్ అని పెట్టినాడు, కొన్ని వారాలకి అచ్చులో పొరపాటున పేరు తిరగబడి క్రాస్-వర్డ్ అయిపోయింది, అదే ఉండిపోయింది. నాయనకి చదివి వినిపిస్తే పడీ పడీ నవ్వినాడు, "దీని పేరే తిరగబడ్డ రోకలి అయితే ఇంగ లోపల ఏముంటాది పాపా" అని.

రెండో కారణం, మా మాటలు రావు. "కోస్తే కన్నీళ్ళు (4)" అని వచ్చింది. నాయన ఎర్రగడ్డ అని రాసినాడు, ఎ, ర్ర, గ, డ్డ, నాలుగు గళ్ళు, ఏం తక్కువైంది? చివరి గడి దగ్గర నిలువు పదం కుదరలా. చాలాసేపు ఆ నిలువు పదాన్నే మార్చాలని చూసినాడు గానీ ఎర్రగడ్డని వదల్లేదు, ఎందుకంటే ఆయనకి దాంట్లో అనుమానమే లేదు. పక్కరోజు ఉల్లిపాయ అంట. తప్పని నేను అనను, నిలువు పదం అదే చెప్తాది. కానీ ఏడాది మొత్తంలో గోదావరి వైపు వంటలు, పండగలు, పిండివంటలు లెక్కలేనన్ని వచ్చినాయి, దిబ్బరొట్టె రెండుసార్లు వచ్చింది, మా సంగటి ఒక్కసారి రాలేదు, ఊరిబిండి రాలేదు, చెనిక్కాయలు రాలేదు, ఉర్లగడ్డ రాలేదు. మా ఊరి గురించి అంటే మాత్రం ఏడుకొండలు. "ఏడుకొండల్లో ఎద్దు (4)" వృషభాద్రి, అది కూడా మూడుసార్లు. తిరుపతి అంటే కొండ ఒక్కటేనా, కింద మేం కూడా ఉన్నాం.

చిల్లర విషయాలు గబగబా. తప్పు రాస్తే వెంటనే ఎర్రగా చూపించే సెట్టింగ్ ముందే ఆన్ చేసి ఉంటాది, కొనంగానే ఆపేయండి, లేకపోతే ఒక్కో అక్షరం వేసి చూసేదే అవుతాది ఆట. హింట్ నొక్కితే అక్షరం చూపిస్తాది, క్లూలో ఏ మాట అర్థం, ఏ మాట ఆట అని చూపిస్తే కదా హింట్. డబ్బులు కట్టినా ఆదివారం పజిల్ ముందు ఒక యాడ్ వస్తాది, వాళ్ళదే వేరే గేమ్ యాడ్ అంట కాబట్టి యాడ్ కాదంట. అర్ధరాత్రి పన్నెండుకి కొత్త పజిల్ వస్తాది, అది మాత్రం ఒక్కరోజు కూడా లేటు కాలా. పాత పజిళ్ళన్నీ ఉంటాయి, వెనక్కి పోయి ఆడొచ్చు. పేరుతో ర్యాంకులు ఉంటాయి, అందులో మూడు నిమిషాల్లో ముగించేవాళ్ళు ఉన్నారు, వాళ్ళు మనుషులో కాదో నాకు తెలీదు.

ఉగాది నుంచి రవంత మారింది అని కూడా చెప్పాల. వారంలో రెండు రోజులు, ఎక్కువగా మంగళవారం, శుక్రవారం, వివరణ వేరేగా ఉంటాంది, రెండు మూడు వాక్యాలు, ఏ మాట తిప్పాల, ఏ మాట మింగాల అని. ఎవరో కొత్తోళ్ళు చేరినట్టున్నారు, లేదా కట్టినాయనే రాస్తా ఉన్నాడేమో. మొన్నొకటి "మన సుబ్బులు లోపల దాగిన హృదయం (3)" అనేదానికి, మన లో మ, న, సుబ్బులులో సు, పక్కపక్కనే ఉన్నాయి చూడండి, మనసు, అని రాసినారు. మావోడు తాత దగ్గరికి పోకుండా వాడే చదువుకుని "ఓహో" అన్నాడు. అట్ల రాయడానికి ఎంతసేపు పడతాది చెప్పండి. ఏడు రోజులూ అట్ల రాస్తే నేనే ఇంకో స్టార్ వేస్తా.

పోయిన వారం రెన్యువల్ మెసేజ్ వచ్చింది. ఏడాదికి కట్టాలా వద్దా అని నాయన్ని అడిగినా. "పజిల్‌కి కట్టు, వివరణకి కట్టొద్దు" అన్నాడు, అట్ల విడిగా కట్టే ఆప్షన్ లేదు, నెలకి 59 ఉంటే అది కట్టినా, ఏడాది లెక్కన చూస్తే ఎక్కువే, కానీ ఎప్పుడైనా ఆపేయొచ్చు కదా అని. కొనాలనుకునేవాళ్ళకి నేను చెప్పేది కూడా అదే, ముందు ఒక నెల ఫ్రీ ఉంటాది, ఆ నెలలో పజిల్ చూడొద్దు, వివరణలు చూడండి, పది రోజులవి వరసగా చదవండి. ఇంట్లో విడమరిచి చెప్పే పెద్దోళ్ళు ఉంటే ఏ యాప్ అయినా పర్వాలేదు. లేకపోతే ఇది కొనొద్దు, రెండో రోజుకే విసుగొస్తాది.

నాయన ఈ మధ్య మావోడి పాత రూళ్ళ నోటు ఒకటి తీసుకుని ఆయనే క్లూలు రాస్తా ఉన్నాడు, పెన్సిల్‌తోనే, పెద్ద పెద్ద అక్షరాలు, పేజీకి ఒకటే క్లూ. మొదట్లో రోకలి తిప్పినట్టే తిప్పినాడు, నేను ఒప్పుకోలా. నిన్న సాయంత్రం రాసింది మాత్రం మావోడు ఇంకా తలకాయ గోక్కుంటా ఉన్నాడు, నాకు తెలిసింది గానీ చెప్పొద్దన్నాడు: "రెండు గుళ్ళు, ఒక కొమ్ము, ఒక తలకట్టు, ఇంతేనా ఈ ఊరు? (4)"

వివరణ రేపు పొద్దున ఆరుకి చెప్తాడంట.